స్క్వెల్చ్ తిప్పితే రొద పోదు

పోయిన జనవరిలో ఓ శనివారం పొద్దున్నే డెన్వర్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి బయల్దేరాం, నేనూ మా రూమ్మేటూ. ఫోర్ట్ కాలిన్స్ దాటి 287 మీదుగా లారమీ చేరి, అక్కణ్ణుంచి ఐ-80 ఎక్కి పడమటికి. శీతాకాలంలో ఆ దారిన వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వెళ్ళనివాళ్ళు చెప్పినా నమ్మరు. పైన ఆకాశం నీలంగానే ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది. కానీ పక్క మైదానంలో నిన్నో మొన్నో పడ్డ మంచుని గాలి ఎత్తుకొచ్చి రోడ్డుకి అడ్డంగా పోస్తూ ఉంటుంది. నడుమెత్తు దాకా తెల్లటి తెర. ముందెళ్ళే ట్రక్కు నెత్తి కనిపిస్తుంది, చక్రాలు కనిపించవు. ఈ ముక్క 1970 అక్టోబరులో తెరిచారు. పాత 30వ నంబరు రోడ్డు మెడిసిన్ బో మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. దగ్గర దారి అని కొండ పక్కనుంచి వేశారు, అదే గాలికి దారి కూడా. అక్కడివాళ్ళు వియత్నాం యుద్ధం రోజుల్లో దీనికి 'స్నో చి మిన్ ట్రెయిల్' అని పేరు పెట్టుకున్నారంటేనే అర్థం చేసుకోండి.

ఆర్లింగ్టన్ దాటాం. ఎల్క్ మౌంటెన్ ఇంకో పది మైళ్ళుందనగా ఆ తెల్లతెరలోంచి ఒక్కసారిగా ఎర్రదీపాలు. బ్రేకు మీద నిలబడ్డాను. కారు జారింది, జారింది, జారి ఆగింది. ముందున్న పికప్‌కీ మాకూ మధ్య ఒక కారు పట్టేంత ఖాళీ. ఆ పికప్‌కి అవతల ఒక పెద్ద ట్రక్కు, ఇంజనొక వైపు ట్రైలరొక వైపు మడతపడి, రెండు లేన్లకీ అడ్డంగా.

మావాడు "మామా, వెనక ట్రక్కొస్తోంది" అన్నాడు. అద్దంలో చూశాను. వస్తోంది, కానీ చాలా నెమ్మదిగా, ఫ్లాషర్లు వేసుకుని, పెళ్ళి ఊరేగింపులా వస్తోంది. వచ్చి మెల్లగా ఆగింది. డ్రైవరు దిగొచ్చి, మేం బాగానే ఉన్నామా అని అడిగి, నా కారు పైకప్పు కేసి చూసి ఒకే ఒక మాటన్నాడు. రేడియోలో పావుగంట నుంచి అందరం చెప్తూనే ఉన్నాం కదా, నీకూ యాంటెన్నా ఉందే, వినలేదా?

వినలేదు. రేడియో ఆన్‌లోనే ఉంది. చానల్ 19 మీదే ఉంది. కాకపోతే దాంట్లో రొద భరించలేక, లారమీలోనే స్క్వెల్చ్ బటన్ పూర్తిగా తిప్పేసి పెట్టాను. ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా. ఆ ట్రక్కు డ్రైవరు మాకూ వెనక ఇంకో ట్రక్కు పడకుండా అలా నెమ్మదిగా వచ్చాడంటే, అది విన్నందువల్ల. వినకుండా వచ్చి ఉంటే ఈ టపా రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు చెప్పొచ్చేదేంటంటే, నేను ఈసీఈ చదివాను. నాలుగేళ్ళు. యాంటెన్నాల పేపర్లో నాకు డెబ్బై తొమ్మిదొచ్చాయి.

*

సీబీ రేడియో అంటే ఏమిటో తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. సిటిజన్స్ బ్యాండ్. 27 మెగాహెర్ట్జ్ దగ్గర, కచ్చితంగా చెప్పాలంటే 26.965 నుంచి 27.405 దాకా 40 చానళ్ళు. అమెరికాలో 1958 నుంచీ ఇప్పటి రూపంలో ఉంది, 1977 దాకా 23 చానళ్ళే. ఒకప్పుడు లైసెన్సు ఉండేది, 1983లో తీసేశారు. ఏఎంలో 4 వాట్లు, సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో 12 వాట్లు, అంతకు మించి కూడదు. 9వ చానల్ అత్యవసరాలకి, 19 ట్రక్కు డ్రైవర్లది. ఎవరైనా కొనుక్కోవచ్చు, ఎవరైనా మాట్లాడొచ్చు. మన దేశంలో కూడా 2005 నుంచి 26.957, 27.283 మధ్య 5 వాట్ల దాకా లైసెన్సు అక్కర్లేదని నిబంధన ఉంది. అయినా విజయవాడ-హైదరాబాద్ హైవే మీద దాన్ని వాడే లారీని నేనింతవరకు చూడలేదు.

'ఫోన్ ఉండగా ఇదెందుకురా నీకు' అని మా ఆఫీసులో మనవాళ్ళందరూ నవ్వారు. నవ్వండి. 2022 నుంచి ఫోన్లలో శాటిలైట్ ద్వారా సాయం కోరే సదుపాయం కూడా వచ్చింది, కాదనను. కానీ అది మనం గుద్దుకున్నాక పనికొచ్చేది. గుద్దుకోకముందు, మూడు మైళ్ళ ముందున్న ముక్కూమొహం తెలియని మనిషి 'ఎడమ లేన్ మూసుకుపోయింది, తగ్గించుకో' అని చెప్పేది ఈ పాత డబ్బాయే. మ్యాపులో రోడ్డు ఎర్రగా మారాలన్నా ముందు కొన్ని ఫోన్లు అక్కడ ఆగిపోయి, ఆ సంగతి చెప్పడానికి సిగ్నల్ ఉండాలి. ఆ పక్క చాలాచోట్ల అదే ఉండదు. సీబీలో సగం టైము బూతులూ, మతబోధలూ, పంజాబీ డ్రైవర్ల పిచ్చాపాటీ వినిపిస్తాయన్న మాట నిజమే. మిగిలిన సగం కోసం పెట్టుకుంటాం.

నా గొడవ సీబీ గొప్పా ఫోన్ గొప్పా అన్నది కాదు. నా గొడవ నాతోనూ, మీతోనూ. ఒక వస్తువు సరిగ్గా పనిచెయ్యకపోతే, అదెక్కడ చెడిందో విడదీసి చూడకుండా ఇంకో వస్తువు కొని దాని మీద పడేసే మన జబ్బుతో.

నేను చేసిన ఘనకార్యాల జాబితా ఇదిగో. రేడియో పెట్టిన రోజునుంచే ఇంజన్ స్టార్ట్ చెయ్యగానే రొద. హైవే పక్కన ఒక షాపుకెళ్ళి చెప్పాను. వాడు రేడియో వైపు చూడను కూడా చూడకుండా అల్మరాలోంచి పవర్ ఫిల్టర్ తీసిచ్చాడు, 20 డాలర్లు. బిగించాను, తేడా లేదు. మళ్ళీ వెళ్తే 'యాంటెన్నా చిన్నదయ్యింది' అన్నాడు. 70 డాలర్లు పోసి పెద్దది కొన్నాను. ఇప్పుడు రొద ఇంకా బాగా వినిపిస్తోంది. (పెద్ద యాంటెన్నా కదా, రొదని కూడా బాగానే పట్టుకుంటుంది. ఇది అప్పుడు తట్టలేదు.) 'రేడియోనే పాడైందేమో' అని ఇంకో 150 పెట్టి కొత్త రేడియో. అదే రొద, కాకపోతే నీలం రంగు డిస్‌ప్లేతో. ఇంతలో మా రూమ్మేటు, వాడు క్లౌడ్ ఆర్కిటెక్టు లెండి, 'మామా, పవర్ సరిపోట్లేదు, యాంప్లిఫయర్ వేసెయ్' అని లింకు పంపాడు. వాడికి ప్రతి రోగానికీ మందు ఇంకో రెండు సర్వర్లు.

మొత్తం 240 డాలర్లు. చివరికి చేసింది ఏమిటయ్యా అంటే, స్క్వెల్చ్ తిప్పడం.

స్క్వెల్చ్ గురించి ఒక ముక్క, ఎందుకంటే దీన్ని చాలామంది రొద తగ్గించే బటన్ అనుకుంటారు. కాదు. అది గుమ్మం దగ్గర కూర్చున్న వాచ్‌మన్. ఫలానా బలం కన్నా తక్కువున్న సిగ్నల్ దేన్నీ లోపలికి రానివ్వడు. రొద బలం 6 ఉండి, అవతలి మనిషి గొంతు 5లో ఉంటే, రొదని ఆపడానికి వాచ్‌మన్‌ని 7లో కూర్చోబెట్టామనుకోండి, రొద ఆగుతుంది, మనిషీ ఆగిపోతాడు. రొద ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. మన చెవిలో దూది పెట్టుకున్నాం, అంతే.

మనలో ఆన్-కాల్ చేసేవాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. రాత్రి మూడింటికి ఒకే అలర్టు నలభైసార్లు మోగితే మనమేం చేస్తున్నాం? థ్రెషోల్డ్ 80 నుంచి 95కి జరిపి పడుకుంటున్నాం. టిక్కెట్టులో 'నాయిస్ తగ్గించబడినది' అని రాసి మూసేస్తున్నాం. మేనేజరు థాంక్స్ కూడా చెప్తాడు.

*

ఎల్క్ మౌంటెన్ నుంచి ప్రాణాలతో తిరిగొచ్చాక మా పక్కింటి పెద్దాయన దగ్గరికెళ్ళాను. ముప్ఫయ్యేళ్ళు ట్రక్కు నడిపి రిటైరయ్యాడు. చదువు హైస్కూలు. నేను నా కథంతా, ఫిల్టరూ యాంటెన్నా కొత్త రేడియో, వరసగా చెప్తుంటే చెయ్యెత్తి ఆపి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. స్క్వెల్చ్ పూర్తిగా తగ్గించమన్నాడు. గరగరమని గోల. అప్పుడు రేడియో వెనక చెయ్యిపెట్టి యాంటెన్నా వైరు విప్పేశాడు. పది సెకన్లు పట్టింది.

గోలలో ముప్పాతిక ఆగిపోయింది. సన్నటి కూత ఒకటి మిగిలింది. నన్ను యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. కూత పైస్థాయికి వెళ్ళింది. వదిలితే దిగింది.

పది సెకన్ల పరీక్షలో ఏం తేలిందో చూడండి. నాకున్నది ఒక రొద కాదు, రెండు. ఒకటి యాంటెన్నా ద్వారా గాల్లోంచి వస్తోంది, అందుకే వైరు విప్పగానే పోయింది. రెండోది కరెంటు వైరు పట్టుకుని వస్తోంది, అందుకే యాంటెన్నా లేకపోయినా ఉంది. షాపువాడిచ్చిన పవర్ ఫిల్టరు మొదటిదాన్ని ఏం పీకగలదు? పెద్ద యాంటెన్నా రెండోదాన్ని ఏం చెయ్యగలదు? రెండు మందులూ రెండు రోగాలకి తిరగేసి వేసుకున్నాన్నమాట. (ఒక జాగ్రత్త: యాంటెన్నా విప్పి ఉన్నప్పుడు పొరపాటున కూడా మైకు నొక్కకండి. పవర్ వెళ్ళడానికి దారిలేక వెనక్కొచ్చి ట్రాన్స్‌మిటర్ చివరి ట్రాన్సిస్టర్లని కాల్చేస్తుంది.)

రొదకి కూడా గొంతు ఉంటుంది, వింటే పేరు చెప్తుంది. ఇంజన్ వేగంతో పైకీ కిందికీ పోయే కూత అయితే ఆల్టర్నేటరు. వేగంతోపాటు దగ్గరదగ్గరగా పడే చిటపట అయితే స్పార్కు ప్లగ్గులు, వాటి వైర్లు. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందే కాసేపు గుయ్యిమంటే పెట్రోలు పంపు. ఫ్యాన్ వేసినప్పుడే, వైపర్ తిప్పినప్పుడే వస్తే ఆ మోటార్లు. ఇంజన్ వేగంతో సంబంధం లేకుండా ఒకే తీరుగా గరగరమంటూ, ఒక చానల్లో ఎక్కువా ఇంకో చానల్లో తక్కువా ఉంటే, ఏదో ఒక ఎలక్ట్రానిక్ డబ్బా.

నాది ఈ చివరిదే. పెద్దాయన డాష్‌క్యామ్ చార్జర్ పీకాడు. ముప్పాతిక గోల అక్కడికక్కడే చచ్చింది. తొమ్మిది డాలర్లకి నేనే ఆన్‌లైన్‌లో కొన్న చార్జర్. 12 వోల్టులని 5 చెయ్యడానికి దాని లోపల స్విచ్చి సెకనుకి కొన్ని లక్షలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. దాని హార్మోనిక్స్ 27 మెగాహెర్ట్జ్ దాకా హాయిగా పాకుతాయి. చవక చార్జర్లో వాటిని ఆపే విడిభాగాలు ఉండవు, చవక కావడానికి కారణం అదే. దాని వైరు మూడడుగుల యాంటెన్నా అన్నమాట, పైకప్పు అంచు వెంబడి నేనే అందంగా దాచిపెట్టాను, సరిగ్గా నా సీబీ యాంటెన్నా కింద. వేరే చార్జర్ పెట్టి, వైరుని ఫెరైట్ రింగులో ఆరేడు చుట్లు చుడితే సద్దుమణిగింది. ఫెరైట్‌లో కూడా రకాలున్నాయి, ఈ ఫ్రీక్వెన్సీకి 31 నంబరు మిశ్రమం బాగా పనిచేస్తుంది. వైరు మీద ఒకసారి క్లిప్పు పెట్టి వదిలేస్తే పెద్దగా లాభం ఉండదు. చుట్లు రెట్టింపైతే ఇండక్టెన్స్ నాలుగింతలవుతుంది. చుట్ల వర్గానికి అనుపాతం అని మనందరం రాసిందే కదా పరీక్షలో.

చార్జర్ కాకపోతే ఏది అని ఎలా తెలుస్తుందంటే, ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వినడమే. ఏ ఫ్యూజు పీకితే రొద ఆగిందో ఆ సర్క్యూట్. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి మాత్రం పోకండి. గిట్‌లో మనం వాడే బైసెక్ట్ దీనికి చుట్టమే, అది తెలిసినందుకు ఇంటర్వ్యూలో తల ఊపుతాం.

ఇహ కూత. రేడియోకి కరెంటు ఎక్కడినుంచి ఇచ్చావని అడిగాడు. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి అన్నాను. అదే సాకెట్ రెండుగా చీల్చి డాష్‌క్యామూ రేడియో రెండూ తగిలించాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా అవమానం. సాకెట్‌కి వెళ్ళే సన్నటి వైరు కారంతా తిరిగి, అందరి ఎంగిలీ తాగుతూ వస్తుంది. మర్నాడు బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైర్లు రెండు లాగాం, బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టి. కూత దాదాపు పోయింది. నాది పాత కారు కాబట్టి సరిపోయింది. కొత్తకార్లలో బ్యాటరీ నెగటివ్ మీద కరెంటు కొలిచే సెన్సరు ఉంటుంది. అక్కడ నెగటివ్ వైరుని బ్యాటరీ కొయ్యకి కాకుండా, సెన్సరు దాటాక బాడీకి కలిపిన చోట కలపాలి, లేకపోతే కారు కంప్యూటరు లెక్క తప్పుతుంది.

మా ఊరి వైపు దీన్ని గ్రౌండు అనరు, 'ఎర్త్' అంటారు. విజయవాడ ఆటోనగర్లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికైనా హెడ్‌లైటు మసగ్గా వెలుగుతోందని తీసుకెళ్ళండి. బల్బు మార్చడు. రెండు వైర్లు తగిలించిన టెస్ట్ లాంప్ తీసి, ఒక కొస బ్యాటరీకి పెట్టి, రెండో కొస బాడీకి ఆనించి చూస్తాడు. 'ఎర్త్ అందట్లేదు సార్' అంటాడు. తుప్పు గీకి, బోల్టు బిగించి యాభయ్యో వందో తీసుకుంటాడు. పదో తరగతి కూడా దాటి ఉండడు చాలామంది. కానీ వాడు చేసేది ఇంజనీరింగు. నేను చేసింది షాపింగు.

బానెట్, డిక్కీ తలుపు, సైలెన్సరు గొట్టం, వీటికి కూడా ఎర్త్ కావాలని ఆయనే చెప్పాడు. సైలెన్సరు గొట్టం రబ్బరు కొక్కేలకి వేలాడుతుంది కదా, కారు బాడీతో దానికి సరైన సంబంధం ఉండదు. ఇంజన్ దగ్గర రొదని పట్టుకుని వెనక దాకా మోసుకొచ్చి వెదజల్లే పొడుగాటి యాంటెన్నా అది. అల్లిన రాగి పట్టీతో బాడీకి కలిపితే కొంత తగ్గింది, అద్భుతాలేం జరగలేదు. మిగిలిన కొద్దిపాటి చిటపటకి రేడియోలోనే నాయిస్ బ్లాంకర్ బటన్ ఉంది. అది సూదుల్లాంటి రొదకే పనిచేస్తుంది. నేను అంతకుముందు దాన్ని చార్జర్ గరగర మీద ప్రయోగించి 'పనికిమాలిన బటన్' అని తీర్పిచ్చాను.

*

రొద పోయింది. అయినా దూరం వాళ్ళు వినిపించట్లేదు. ఇక్కడే మావాడు మళ్ళీ యాంప్లిఫయర్ ఎత్తుకున్నాడు.

దీని మీద నాకు కడుపుమంట కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఒకటి, సీబీకి యాంప్లిఫయర్ తగిలించడం అమెరికాలో ఎఫ్‌సీసీ నిబంధనలకి విరుద్ధం. ట్రక్కుల్లో బోలెడుమంది పెట్టుకుంటారు గానీ, అది వేరే సంగతి. వీసా మీద ఉన్న మనకి ఆ సరదాలు అవసరమా? రెండు, 4 వాట్లని 40 చేస్తే పెరిగేది 10 డెసిబెల్స్. అవతలివాడి మీటరు మీద ఒక గీత అంటే 6 డెసిబెల్స్. పదింతల పవర్‌కి రెండు గీతలు కూడా రావు. మూడు, అసలు విషయం, యాంప్లిఫయర్ నా గొంతు పెంచుతుంది, నా చెవిని కాదు. నా సమస్య వినిపించకపోవడం. ఇలాంటివాళ్ళకి సీబీ భాషలో 'ఎలిగేటర్' అని పేరు. మొసలి. నోరు బారెడు, చెవులు కనపడవు. మన మీటింగుల్లో కూడా ఉంటారు, పేర్లు వద్దు.

పెద్దాయన ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు తెచ్చాడు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, గోడలకి దూరంగా, తలుపులన్నీ మూసి కొలిచాం. చానల్ 1 మీద, 20 మీద, 40 మీద. మూడింటి మీదా 3 దాటింది. 3 అంటే పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కొచ్చేస్తోందని. దానికి యాంప్లిఫయర్ తగిలిస్తే వెనక్కొచ్చే పావు వంతు కూడా పదింతలై ఆ యాంప్లిఫయర్ నెత్తిన పడేది.

కొలత ఎంత బాగా మాట్లాడుతుందో చూడండి. చానల్ 1 దగ్గర ఎక్కువుండి 40 దగ్గర తక్కువుంటే యాంటెన్నా పొట్టిది, పెంచాలి. 40 దగ్గర ఎక్కువుంటే పొడుగైంది, తగ్గించాలి. మూడుచోట్లా ఒకేలా 3 దాటితే పొడుగూ పొట్టీ గొడవ కాదు, కేబుల్‌లోనో కొసన కనెక్టర్‌లోనో షార్టు గానీ తెగడం గానీ, లేదా కింద ఎర్త్ లేకపోవడం. యాంటెన్నా అంటే పైన కనిపించే కర్ర ఒక్కటే కాదు, కింద ఉన్న కారు రేకు దాని రెండో సగం. 27 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం సుమారు తొమ్మిదడుగులు. కారు మీద రెండడుగుల కర్ర పెట్టి, లోపల వైరు చుట్టి అదే తొమ్మిదడుగులని బుకాయిస్తున్నాం. అలాంటప్పుడు కింద రేకు కూడా లేకపోతే ఇంకేముంది? 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియం, అయస్కాంతం అంటుకోనే అంటుకోదు. ఫైబర్ గ్లాస్ బాడీలకి రేకే లేదు, వాటికి గ్రౌండ్ ప్లేన్ అక్కర్లేని యాంటెన్నా వేరే ఉంటుంది.

నా కారుకి రేకు ఉంది, అయస్కాంతం పట్టుకుంది. కేబుల్ వెంబడి వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు ఆయన. వెనక తలుపు సందులో దొరికింది. నేను సామాన్లు వేసి ధనేల్‌మని మూసినప్పుడల్లా ఆ ఆర్‌జీ-58 కేబుల్ నలిగి నలిగి చప్పిడి అప్పడంలా అయిపోయింది. లోపల జాలీ తెగిపోయి ఉంది. అంటే రెండు యాంటెన్నాల డబ్బులు పోసి, సిగ్నల్‌ని తలుపు దగ్గర పీక నులిమాను. కొత్త కేబుల్ 25 డాలర్లు, దారి మార్చి వేశాం. కేబుల్ కచ్చితంగా 18 అడుగులే ఉండాలని షాపుల్లో చెప్తారు, అంత పట్టింపు అక్కర్లేదు. ఈ ఫ్రీక్వెన్సీకి 18 అడుగుల ఆర్‌జీ-58లో నష్టం అర డెసిబెల్ కూడా ఉండదు. మళ్ళీ కొలిస్తే 20వ చానల్ మీద 1.4. రెండు కొసల్లో 1.8 లోపే. ఆ సాయంత్రం మా ఇంటిముందే కూర్చుంటే ఐ-25 మీద వెళ్ళే ట్రక్కులు వినిపించాయి. అదే రేడియో. అదే 4 వాట్లు.

*

నా అసలు సిగ్గు ఇప్పుడు చెప్తాను. ఎస్‌డబ్ల్యూఆర్ నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కొలిచింది ఆ పార్కింగ్ లాట్‌లో. కానీ నా రికార్డు బుక్కులో అంతకుముందే ఒకసారి కొలిచినట్టు ఉంది, లెక్చరర్ సంతకంతో సహా. నాలుగో ఏడాది మైక్రోవేవ్ ల్యాబు, రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్ బెంచి. ఈసీఈ వాళ్ళు చప్పున గుర్తుపట్టి ఉంటారు. మా కాలేజీలో అరవైమందికి పనిచేసే బెంచి ఒకటి. మిగతావాటిలో క్లిస్ట్రాన్ ఎప్పుడో పోయింది. రీడింగులు సీనియర్ రికార్డులోంచి, ఆ సీనియర్‌కి వాళ్ళ సీనియర్ రికార్డులోంచి. మా బ్యాచ్ మొత్తానికీ మూడో దశాంశం దాకా ఒకే జవాబు. ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెప్తాను ఇప్పటికీ. అది దేనికి పనికొస్తుందో మాత్రం ఒక ట్రక్కు డ్రైవరు చెప్పాలి.

'మాకు ల్యాబులు సరిగ్గా లేవు' అని తప్పించుకోవచ్చు. నేనూ కొన్నాళ్ళు అదే అన్నాను. కానీ యాంటెన్నా వైరు విప్పి వినడానికి ఏ ల్యాబు కావాలి? సాధనం లేక కాదు, అలవాటు లేక. ఒకేసారి ఒక్కటే మార్చి చూడాలన్న ఓపిక లేక. నేను ఫిల్టరూ యాంటెన్నా మార్చాక పాతది మళ్ళీ పెట్టి పోల్చి చూశానా? లేదు. కొన్నాను కాబట్టి బాగైనట్టే అనుకోడానికి రెండ్రోజులు ప్రయత్నించాను కూడా.

ఎవరో అంటారు, 'బాబూ, నీ గంట జీతం లెక్కేస్తే కొత్తది కొనడమే చవక' అని. ఈ లెక్క మన ఆఫీసుల్లో రోజూ వింటాం. మెషిన్ పెంచెయ్, రీస్టార్ట్ చెయ్, కంటెయినర్ మార్చెయ్, నీ టైము విలువైనది. చాలాసార్లు నిజమే. కానీ నా విషయంలో ఆ చవకైన దారికి 240 డాలర్లూ మూడు నెలలూ పట్టాయి, రొద అలాగే ఉంది. ఖరీదైన దారికి ఒక శనివారం, ఫ్యూజులూ వైర్లూ ఫెరైటూ చార్జరూ కేబులూ అన్నీ కలిపి 60 డాలర్ల చిల్లర. పైగా తప్పు ఎక్కడో తెలియకుండా కొన్న ప్రతిదీ అనుమానితుల సంఖ్య పెంచుతుంది. మొదట్లో అనుమానం రేడియో ఒక్కదాని మీదే, చివరికొచ్చేసరికి ఫిల్టరు మీదా కొత్త యాంటెన్నా మీదా కూడా.

ఇంకో మాట. విడదీసి చూడ్డం వల్ల అన్నీ బాగుచెయ్యొచ్చని కాదు. ఇంజన్ ఆపి, తాళం తీసేసి, రేడియోని విడి బ్యాటరీ మీద పెట్టినా రొద ఉందంటే అది మన కారుది కాదు. కరెంటు స్తంభం కావచ్చు, పక్క దుకాణం లైట్లు కావచ్చు. వంద గజాలు ముందుకెళ్ళి చూడాలి. ఇక 2024 అక్టోబరులో సూర్యుడు తన పదకొండేళ్ళ చక్రంలో ఉచ్చదశకి వచ్చాడని నాసా, నోవా ప్రకటించాయి. అలాంటి రోజుల్లో 27 మెగాహెర్ట్జ్ తరంగాలు అయనోస్ఫియర్‌కి తగిలి వేల మైళ్ళ అవతల దిగుతాయి. పగటిపూట సీబీ నిండా ఎక్కడెక్కడివాళ్ళో ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటారు, మూడు మైళ్ళ దూరంలో ఉన్నవాడు ఆ గోలలో మునిగిపోతాడు. దానికి ఏ వైరూ ఏ ఫెరైటూ మందు కాదు. 2021లో ఎఫ్‌సీసీ సీబీలో ఎఫ్‌ఎం కూడా వాడుకోనిచ్చింది, కొత్త రేడియోల్లో ఉంటోంది, దగ్గరివాళ్ళతో శుభ్రంగా వినిపిస్తుంది. ట్రక్కులవాళ్ళు మాత్రం ఇంకా ఏఎంలోనే ఉన్నారు, కాబట్టి నేనూ ఏఎంలోనే.

మార్చిలో మళ్ళీ అదే దారిలో వెళ్ళాను, ఈసారి ఒక్కణ్ణే. స్క్వెల్చ్ పూర్తిగా తగ్గించి, సన్నటి బుస ఒక్కటే వింటూ. ఆర్లింగ్టన్ దగ్గర ఎవరో గాలి 60 మైళ్ళు దాటిందనీ, ఖాళీ ట్రైలర్లతో రావద్దనీ చెప్తున్నారు. నాకు ట్రైలర్ లేదు. అయినా ఎల్క్ మౌంటెన్ ఎగ్జిట్‌లో దిగి గంటసేపు కూర్చున్నాను.

మా రూమ్మేటు ఈమధ్య డాలస్ మారాడు. అక్కడ పెద్ద ఎస్‌యూవీ కొని, నన్ను చూసి వాడూ సీబీ పెట్టించుకున్నాడు. మొన్న ఫోన్ చేశాడు.

"మామా, నాదాంట్లో ఒకటే రొద. ఏ యాంప్లిఫయర్ కొనమంటావ్?"

"ముందు యాంటెన్నా విప్పు. మైకు నొక్కకు."

"విప్పితే ఇంకేం వినిపిస్తుందిరా?"

"అదే విని చెప్పు."